కష్టకాలంలో కొత్త నాయకుడు ముందు ధైర్యం చెప్పాలా, నిజం చెప్పాలా?

తార్నాక పాఠకుడు:
1933 మార్చి 4న రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు నిరుద్యోగి. చాలా రాష్ట్రాల్లో బ్యాంకులు మూతపడ్డాయి. ఆయన లేచి, మనం భయపడాల్సింది ఒక్క భయానికే అన్నాడు. తొలి ప్రసంగం పని అదే, జనానికి ధైర్యం చెప్పడం. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. మీరేమంటారు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి:
నేను ఒప్పుకోనండీ. మన పీవీనే తీసుకోండి. 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. మర్నాడే దేశప్రజలతో మాట్లాడుతూ, ఆర్థిక వ్యవస్థ సంక్షోభంలో ఉంది, తాహతుకు మించి బతకడం ఇక కుదరదు, తేలిక దారులేవీ మిగల్లేదు అని చెప్పేశారు. ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోతే గొప్ప. సభలో మెజారిటీ లేదు, అప్పటికి ఆయన ఎంపీ కూడా కాదు. ఆ రోజు తీపి మాటలు చెప్పి, జులై 1న, 3న రూపాయి విలువ తగ్గిస్తే ఎవరు నమ్మేవారు?

మలక్‌పేట నుంచి:
మీరిద్దరూ ఆ తొలి ప్రసంగం రోజు దగ్గరే ఆగిపోయారు. 2000 తర్వాత మన సిటీలో కొన్ని సహకార బ్యాంకులు మూతపడ్డప్పుడు మా నాన్నగారు పాస్‌బుక్కు, డిపాజిట్ రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని షట్టర్ ముందు నిలబడి వచ్చేవారు. డబ్బు పోయిందన్న బాధ ఒకెత్తు, ఏం జరిగిందో చెప్పే నాథుడు లేకపోవడం ఒకెత్తు. టెన్షన్ పడకండి అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండేది.

రూజ్‌వెల్ట్ ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టలేదు. అప్పటి చీకటిని కాదనేవాడు తెలివితక్కువ ఆశావాది అని అదే ప్రసంగంలో అన్నాడు. రెండు రోజులకే దేశంలో బ్యాంకులన్నీ మూయించాడు. 9న బ్యాంకులను చక్కదిద్దే అత్యవసర చట్టం వచ్చింది. 12వ తేదీ ఆదివారం రాత్రి రేడియోలో, మీరు వేసిన డబ్బును బ్యాంకు ఇనప్పెట్టెలో దాచదు, బాండ్లలో, అప్పుల్లో పెడుతుంది, అందుకే అందరూ ఒకేసారి అడిగితే ఇవ్వడం దానివల్ల కాదు అని మామూలు మాటల్లో వివరించాడు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుస్తుంటే, తీసుకెళ్లిన డబ్బు తెచ్చి మళ్లీ వేశారు జనం. నన్నడిగితే అసలు ప్రసంగం అదే.

తార్నాక పాఠకుడు:
రేడియో మాట సరే. కానీ పీవీ నిజం చెప్పారన్నది సగమే. ఆ జులైలోనే రిజర్వు బ్యాంకు బంగారం దాదాపు 47 టన్నులు తాకట్టు కోసం విమానాల్లో లండన్ వెళ్లింది. జనానికి పేపర్లో చూస్తేగానీ తెలియలేదు. ఇంట్లో చెప్పకుండా పుస్తెలు తాకట్టు పెడితే ఊరుకుంటారా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి:
అంత బంగారం తరలించేటప్పుడు ముందుగా చాటింపు వేయలేరు కదా. విమానం దిగాక మాత్రం ప్రభుత్వమే ముందు చెప్పాల్సింది, అక్కడ మీతో ఏకీభవిస్తా. ఆ బంగారం మీద వచ్చిన 40 కోట్ల డాలర్లు దేనికి కావాలో, విదేశీ అప్పుల కిస్తీ తప్పితే దేశం పరపతి ఏమవుతుందో రూజ్‌వెల్ట్ లాగా విడమరిచి చెప్పి ఉంటే, దేశాన్ని అమ్మేస్తున్నారని మా పెదనాన్న లాంటివాళ్లు అన్నేళ్లు కోపం పెట్టుకునేవారు కాదు.