గ్రేట్ డేన్ కుక్కని ఫోస్టర్ చేస్తున్నాం, మంచి ఇల్లు దొరికేదెట్లా?

మాది హైదరాబాద్‌లో సైనిక్‌పురి. కుక్కపిల్లల్ని పుట్టించి అమ్ముకునే బ్రీడర్ ఎవరో ఈతల కోసం వాడుకుని వదిలేసిన ఆడ గ్రేట్ డేన్‌ని మంచి ఇల్లు దొరికేదాకా ఉంచుకుందామని ఇంటికి తెచ్చుకున్నాం, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, సిమెంట్ నేల మీద పడుకుని పడుకుని మోచేతులు కాయలు కాసినయ్, అయినా మా పిల్లలు కూర్చుంటే చాలు వచ్చి ఒళ్ళో తల పెట్టేస్తది. అడాప్షన్ పోస్ట్ పెడితే ఫ్రీగా ఇస్తారా అని ఒకటే ఫోన్లు. ఎవర్ని నమ్మాలి?

జవాబు 1: అక్కా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యేదాకా ఎవ్వరికీ ఇవ్వకండి ప్లీజ్, ఫ్రీగా అడిగేవాళ్ళలో మళ్ళీ ఈతలకే తీసుకుపోయేవాళ్ళుంటారు. ముందు కాస్త ఒళ్ళు చేయనివ్వండి, టిక్ ఫీవర్‌కి (పిడుదులు కుట్టి వచ్చే జ్వరం) రక్తపరీక్ష చేయించండి. డేన్‌లకి కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో ప్రాణం పోతది, అందుకే అదే ఆపరేషన్‌లో గ్యాస్ట్రోపెక్సీ కూడా చేస్తారేమో డాక్టర్‌ని అడగండి, అంటే కడుపుని లోపల గోడకి కుట్టేస్తారు. తిండి రోజుకి రెండు మూడు సార్లుగా పెట్టండి.

జవాబు 2: ఇల్లు చూడకుండా ఇవ్వొద్దండీ. మా దగ్గరున్న సెయింట్ బెర్నార్డ్ కుక్కని ఒకాయన టెర్రస్ మీద కట్టేస్తానన్నాడు, మే నెల ఎండల్లో! ఇవ్వనని మొహమ్మీదే చెప్పా. అద్దె ఇల్లైతే ఓనర్‌తో మీరే మాట్లాడండి, నెలకి తిండికెంతవుతదో ముందే చెప్పేయండి, సగం మంది అక్కడే ఆగిపోతారు.

అడిగినవాళ్ళు: థాంక్యూ అండీ. పోస్ట్ తీసేశా, ఆపరేషన్ అయ్యాకే మళ్ళీ పెడతా.