అప్‌డేట్: పీహెచ్‌పీ 8లో ఆగిపోయిన స్టాటిక్ కాల్ సంగతి

పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన నా కోడ్‌లో, బిల్ క్లాస్‌లోని ఒక మెథడ్ నుంచి ట్యాక్స్ క్లాస్ మెథడ్‌ని డబుల్ కోలన్ (::) తో పిలిస్తే, వెర్షన్ 5లో నడిచిన కోడ్ వెర్షన్ 8లో ఎర్రర్ ఇచ్చి ఎందుకు ఆగిపోతోందని అడిగాను కదా. తేలిపోయింది.

ఆబ్జెక్ట్ లేకుండా క్లాస్ పేరుతోనే పిలవొచ్చని చెప్పే స్టాటిక్ అన్న కీవర్డే ఆ మెథడ్‌కి లేదు. పీహెచ్‌పీ 5లో అలా పిలిస్తే, పిలిచిన ఆబ్జెక్టే లోపల డాలర్ దిస్‌గా ($this, అంటే మెథడ్ ఏ ఆబ్జెక్ట్‌పై నడుస్తోందో అది) కూర్చునేది. అంటే ట్యాక్స్ మెథడ్ "దిస్ రేట్" అని చదివినప్పుడు దానికి అందింది బిల్‌లోని రేట్! రెండు క్లాసుల్లోనూ అదే పేరుతో ప్రాపర్టీ ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. నన్నడిగితే ఎర్రర్ కంటే ఇదే ప్రమాదం. 2015లో వచ్చిన 7.0 ఈ దారి మూసేసి, ఇలాంటి కాల్స్‌కి డెప్రికేటెడ్ (ఇకపై వాడొద్దు అనే) హెచ్చరిక పెట్టింది. 2020లో వచ్చిన 8.0 నేరుగా ఎర్రర్ విసురుతుంది.

దిస్ ముట్టుకోని మెథడ్స్‌కి స్టాటిక్ చేర్చాను. రేట్ చదివేవాటికి ట్యాక్స్ ఆబ్జెక్ట్ తయారుచేసి కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్) ద్వారా బిల్‌కి అందించాను. పై క్లాస్ మెథడ్‌ని పిలిచే పేరెంట్ డబుల్ కోలన్ (parent::) కాల్స్‌ని మాత్రం కదపలేదు. చూడటానికి ఒకేలా ఉన్నా అవి స్టాటిక్ కాల్స్ కావు, దిస్ సక్రమంగానే వెళ్తుంది.

జాబితాలోని ప్రతి అంశంపై ఒక ఫంక్షన్‌ని నడిపే అర్రే మ్యాప్‌కి క్లాస్ పేరు, మెథడ్ పేరు జతగా ఇచ్చిన చోట్లు కూడా వెతకండి. డబుల్ కోలన్ కోసం గాలిస్తే అవి దొరకవు, 8లో అక్కడ టైప్ ఎర్రర్ వస్తుంది.

ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.