బిడ్డకు హిమోగ్లోబిన్ 9.2 ఉన్నది, బీట్‌రూట్ జ్యూస్ తాగిస్తే పెరుగుతదా?

దేవరకొండ అమ్మ:
అందరికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. బిడ్డకు 14 ఏండ్లు, తొమ్మిదో తరగతి. ఈ నడుమ ఊకె నీరసం అంటది, మెట్లెక్కితే ఆయాసం, ఇంకోటి ఏందంటే బియ్యం బుక్కుడు మొదలువెట్టింది, నేను బియ్యం చెరుగుతుంటే చాటలకెళ్లి పిడికెడు తీస్కొని నోట్లె పోస్కుంటది, ఎంత తిట్టినా ఆగుతలేదు. రక్తం టెస్ట్ చేపిస్తే 9.2 వచ్చింది. డాక్టర్ ఐరన్ గోలీలు రాసిన్రు, ఏస్కుంటే కడుపుల తిప్పుతున్నదట, దొడ్డికి నల్లగ వస్తుందని భయపడి బంద్ పెట్టింది. పక్కింటోళ్లేమో బీట్‌రూట్ జ్యూస్ తాగిపియ్యి, ఖర్జూరాలు పెట్టు చాలంటున్నరు. పొద్దుగాల చాయ్‌ల బిస్కెట్లు ముంచుకొని తిని బడికి పోతది, పగటీలి బళ్లె అన్నం, రాత్రి అన్నం పప్పు, తిన్నంక మళ్ల చాయ్. తిండితోనే రక్తం పెంచుకోవచ్చా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

కల్వకుర్తి సిస్టర్:
చెల్లె, ముందుగాల గోలీలు మళ్ల మొదలువెట్టిపియ్యి. 8 నుంచి 10.9 దాకా ఉంటే ఓ మోస్తరు రక్తహీనత అంటరు, తిండి ఒక్కదానితోటి అది నిండాలంటే శానా ఆలస్యమైతది, ఎదిగే పిల్ల, అంత టైం ఇయ్యొద్దు. బియ్యం బుక్కుడు కూడ ఐరన్ తక్కువైతే వచ్చే లక్షణమే, శానామంది ఆడపిల్లలల్ల చూస్తం, కొందరు మట్టి, బలపాలు గూడ తింటరు. ఐరన్ ఎక్కుతుంటే ఆ కోరిక దానంతటదే పోతది, తిట్టకు పాపం. గోలీ ఏస్కుంటే దొడ్డికి నల్లగ రావుడు మామూలే, కని తారులెక్క జిగటగ వచ్చినా కడుపునొప్పి ఉన్నా డాక్టర్‌కు చెప్పాలె. పరిగడుపున ఏస్కుంటే బాగ పడతది, తిప్పుతుందంటే తిన్నంక ఇయ్యి, అంతే గని బంద్ పెట్టొద్దు. పాలతోటి, చాయ్‌తోటి మాత్రం ఇయ్యకు, నిమ్మకాయ నీళ్లతోటి ఇయ్యి. బళ్లె వారానికొకసారి ఇచ్చే నీలం గోలీ రక్తం తగ్గకుండ ఆపేతందుకు, ఇప్పుడు నీ బిడ్డకు కావాల్సింది డాక్టర్ రాసిన కోర్సు. రెండు కలిపి ఏస్కోవాల్నా వద్దా అనేది ఆయన్నే అడుగు.

పాలమూరు పోరడు:
అక్కా, బీట్‌రూట్ ఎర్రగుంటది గాబట్టి రక్తం పడతది అనుకుంటరు గని 100 గ్రాములల్ల ఐరన్ ఒక మిల్లీగ్రాము గూడ ఉండదు. ఈ వయసు ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. దానికంటె మన సజ్జలు ఎంతో నయం, 100 గ్రాములకు 6 పైనే ఉంటది, జొన్నలల్ల 4 దగ్గర, పాలిష్ బియ్యంల ఒకటి కూడ లేదు. మనోళ్లు రొట్టె ఇడిసిపెట్టి మూడు పూటల తెల్ల బువ్వకు అలవాటు పడ్డరు, నాకైతే అదే బాధ. రాత్రి పూట సజ్జరొట్టె, పుంటికూర గాని తోటకూర పప్పు గాని పెట్టు. పొద్దుగాల బిస్కెట్లు బంద్ పెట్టి బబ్బెర గుడాలు ఉడకబెట్టు, రాత్రి నానవెడితే ఇంకా మంచిది, ఉల్లిగడ్డ కోసి నిమ్మకాయ పిండి ఇయ్యి. ఆ పులుపు ఉట్టిగ రుచికే కాదక్కా, గింజలల్ల ఆకుకూరలల్ల ఉన్న ఐరన్‌ను మన పేగులు సరిగ గుంజుకోవు, విటమిన్ సి తోడుంటే బాగ గుంజుకుంటయి. జామకాయ, ఉసిరికాయ, మీ నల్లగొండ దిక్కు బత్తాయి ఏదైనా సరే, తిండితోటే తినాలె. ఇగ చాయ్ అయితే దీనికి ఉల్టా పని చేస్తది, తిన్నంక తాగుతదని రాసిన్రు చూడుండ్రి, అదే అసలు దెబ్బ. తిండికి ముందొక గంట, తర్వాత రెండు గంటలు చాయ్ ముట్టకుండ చూసుకోండి.

దేవరకొండ అమ్మ:
శానా మంచిగ చెప్పిన్రు తమ్మీ, సిస్టర్‌కు కూడ దండాలు. గుడాలైతే ఇష్టంగనే తింటది. మటన్ మాకు ఎప్పుడో పండగకే, గుడ్లతోటి అయితదా? ఇంకోటి, నెలసరి వస్తే ఏడెనిమిది రోజులు ఉంటది, బాగ పోతది, దానికీ దీనికీ సంబంధం ఉన్నదా?

కల్వకుర్తి సిస్టర్:
ఉన్నది చెల్లె, అసలు కారణం అదే కావొచ్చు. ఎంత తిన్నా అటు పోతుంటే ఇటు నిండదు. ఏడు రోజులు దాటుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడుస్తున్నా లేడీ డాక్టర్‌కు చూపియ్యాలె, సిగ్గుపడొద్దు, బిడ్డకు గూడ అట్లనే చెప్పు. గుడ్డు బలానికి మంచిదే గని దాంట్ల ఐరన్ సరిగ ఒంటికి పట్టదు. మటన్ కొనలేకపోతే చికెన్ దుకాణంల కార్జం అడుగు, కందనకాయతోటి కలిపి తక్కువకే ఇస్తరు, 100 గ్రాములల్ల 9 మిల్లీగ్రాముల దాకా ఐరన్ ఉంటది, పైగ మాంసంలది సులువుగ పడతది. వారానికొకసారి వండినా చాలు. నులిపురుగుల గోలీ బళ్లె ఇచ్చిన్నాడు ఏస్కున్నదో లేదో అడుగు, పురుగులున్నా రక్తం తగ్గుతది. నెల రోజులు గోలీలు వాడినంక మళ్ల టెస్ట్ చేపియ్యి, మామూలుగ కనీసం ఒక పాయింటన్న పెరగాలె. పెరగకపోతే డాక్టర్ వేరే టెస్టులు రాస్తరు. 12 దాటినంక గూడ ఎంటనే ఆపొద్దు, ఒంట్ల నిల్వలు నిండాలంటే ఇంకో మూడు నెలలు వాడాలె.