పిన్‌పాయింట్ బటన్‌ను నమ్మొచ్చా, అడ్డంగా నిలువుగా ఊపడమే మేలా?

కొత్తపార: యార్క్‌షైర్‌లో ఉంటాను. పొలం యజమాని అనుమతితో శనివారాలు మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెళ్తున్నాను. నిన్న మంచి సిగ్నల్ వచ్చింది. పిన్‌పాయింట్ బటన్ (సరుకు సరిగ్గా ఎక్కడుందో చూపేది) నొక్కి, కాయిల్ (నేల మీద ఊపే చక్రం) నడిమధ్య ఉన్న చోట పార దించాను. సుత్తితో కొట్టి చేసిన పాతకాలపు వెండి నాణెం, అంచు తెగిపోయింది. అనుకున్న చోటికి నాలుగు వేళ్లు ముందుకు ఉంది. తప్పు బటన్‌దా, నాదా?

కాయిల్‌రాజా: మీది డీడీ కాయిల్ అయి ఉంటుంది. అందులో D ఆకారపు తీగ చుట్టలు రెండుంటాయి, అవి ఒకదాని మీద ఒకటి పడే చోట ముందు నుంచి వెనక్కి సన్నటి పట్టీ ఉంటుంది. గట్టిగా పలికేది ఆ పట్టీ పొడవునా. అందుకే కుడిఎడమలు బాగా తెలుస్తాయి, ముందువెనుకలు తెలియవు. బటన్ నొక్కి ఉంచి కాయిల్‌ను మెల్లగా వెనక్కి లాగండి. శబ్దం ఆగేసరికి కాయిల్ ముక్కు ఎక్కడుందో సరుకు అక్కడే.

నాగలిచాలు: పదేళ్లుగా బటన్ ముట్టుకోలేదు. పక్కలకు ఊపండి, గట్టిగా పలికిన గీత గుర్తుపెట్టుకోండి. పక్కకు వెళ్లి నిలబడి మళ్లీ ఊపండి. రెండు గీతలు కలిసే చోట పార. అయిపోయింది.

గోదారోడు: చేతి ప్రోబ్ (చేత్తో పట్టుకునే చిన్న డిటెక్టర్) కొనుక్కోండి, గొడవ ఉండదు.

కొత్తపార: ఉందండీ. గుంట తవ్వాక మట్టిలో వెతకడానికి తప్ప లోతున్నది దానికి అందదు.

కాయిల్‌రాజా: నాగలిచాలు గారూ, మేకు అయితే? పొడవునా ఊపితే రెండుసార్లు పలుకుతుంది. మీ గీతలు ఎక్కడ కలుస్తాయి?

నాగలిచాలు: రెండుసార్లు పలికితేనే మేకని తెలిసిపోతుంది, వదిలేసి పోతాం. మీ బటన్ ఆ ముక్క చెప్పదు.

కాయిల్‌రాజా: పైపైన నిలువుగా ఇరుక్కున్న నాణెం కూడా అలాగే పలుకుతుంది. మొన్న మీరు ఇనుమని వదిలేసిన చోటే నేను విక్టోరియా షిల్లింగ్ తీశాను.

నాగలిచాలు: ఓహో, ఆ షిల్లింగా. ఆ పచ్చికలో ఎన్ని గుంటలు వదిలారో కూడా చెప్పండి మరి. రైతు ఫోన్ చేసింది నాకు. గొర్రె కాలు ఇరుక్కుందట. మూడేళ్లు బతిమాలి తెచ్చుకున్న అనుమతి ఆ వారమే పోయింది.

కాయిల్‌రాజా: అన్నీ పూడ్చాను. ఎండకు గడ్డి చచ్చి మట్టి కుంగింది, నేనేం చేయను?

నాగలిచాలు: ముంతంత కోయాల్సిన చోట బానంత కోస్తే చావదా? గురి కుదిరిందని అంత నమ్మకమున్నవాళ్లకు అంత గుంట ఎందుకు? మూడు వైపులే కోసి, నాలుగో వైపు తలుపు కీలులా వదిలేస్తే వేళ్లు బతుకుతాయి.

గోదారోడు: మధ్యలో ఒక డౌటు. ఊళ్లో మా బాబాయి గుప్తనిధుల కోసం మిషన్ పంపమంటున్నాడు. ఏది మంచిది?

కొత్తపార: పంపకండి. ఇండియాలో 1878 నాటి చట్టం ఉంది. 10 రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాల్సిందే.

ఇంతకీ పెరట్లో 20 పెన్నీల బిళ్ల జానెడు లోతున పాతి చూశాను. కాయిల్ నేలకు సమంగా ఉన్నప్పుడు రెండు పద్ధతులూ ఒకే చోటు చూపించాయి. కొంచెం వంచితే రెండూ పక్కకు జరిగాయి. నిన్న నేను తవ్వింది గట్టు వాలులో.

కాయిల్‌రాజా: చూశారా, బటన్ తప్పు కాదన్నాను.

నాగలిచాలు: ఊపడం తప్పనీ తేలలేదు. రైతుకు ఫోన్ చేస్తారా, చేయరా?

కాయిల్‌రాజా: నంబరు పంపండి.