విజయవాడ డాబా మీద ఇప్పుడు ఏం విత్తుకోవచ్చు? చిక్కుడు పూత రావట్లేదు

డాబాతోట_బెజవాడ:
అందరికీ నమస్తే. మార్చిలో హైదరాబాద్ నుంచి విజయవాడకి మారాం, కుండీలు, గ్రో బ్యాగులు అన్నీ తెచ్చుకున్నాం. అక్కడ దసరా దాటగానే క్యాలీఫ్లవర్, క్యారెట్, బఠాణీ పెట్టేదాన్ని, బాగానే వచ్చేవి. ఇక్కడ సెప్టెంబర్ అయిపోవస్తున్నా ఉక్కపోత తగ్గలేదు, యూట్యూబ్‌లో చూస్తే అందరూ ఈపాటికే నారు పోసేశారు (సగం మంది ఢిల్లీ వైపు వాళ్లే లెండి). ఏది పెట్టాలి, ఏది మానుకోవాలి? ఇంకోటి, ఏప్రిల్‌లో పెట్టిన చిక్కుడు పందిరంతా అల్లుకుంది, ఒక్క పూత లేదు. పీకేయనా?

గుంటూరు_పెరడు:
పీకొద్దండి బాబూ! నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేగానీ పూయదు, ఎండాకాలంలో పెట్టినా, జూలైలో పెట్టినా పూత మాత్రం చలి మొదలయ్యాకే, అందుకే మా వైపు సంక్రాంతికి బుట్టలకొద్దీ కాస్తుంది. పేడ ఎరువు వేస్తుంటే ఆపండి, ఆకే పెరుగుతుంది. పూత వచ్చాక పేనుబంక పడుతుంది, లేత కొసలు తిప్పి చూసుకుంటూ ఉండండి, కనబడగానే వేపనూనె కొట్టండి. గోంగూరకీ ఇదే లెక్క, ఇప్పుడు విత్తితే జానెడు ఎదగ్గానే పూతకొచ్చేస్తుంది, ఆకు పెద్దగా రాదు.

మేడమీద_సాగు:
నాది హైదరాబాదే. మాకు డిసెంబర్ రాత్రుళ్లు చలి బాగా ఉంటుంది కాబట్టి ఏ క్యాలీఫ్లవర్ పెట్టినా ఎంతోకొంత పువ్వు కడుతుంది, మీకు అంత చలి రాదు. స్నోబాల్ లాంటి చలి రకాలు పెడితే ఆకులు ఏపుగా పెరిగి పువ్వు కట్టక మొండికేస్తాయి. వేడికి తట్టుకునే, తొందరగా వచ్చే హైబ్రిడ్ అని అడిగి తీసుకోండి. నారు ఇప్పుడే పోసి, 25–30 రోజుల నారు నాటుకోండి, కాకపోతే అక్టోబర్, నవంబర్‌లలో మీకు తుఫాను వానలు, నారు కుళ్లిపోకుండా పైన కవర్ కట్టాలి. క్యారెట్ మాత్రం వానలు తగ్గాక, అడుగు లోతు కుండీలో నేరుగా విత్తండి, పీకి నాటితే దుంప చీలుతుంది. బఠాణీ వదిలేయండి, ఆ చోట్లో బెండ పెట్టుకోండి, చలికాలంలో కూడా మీ దగ్గర కాస్తుంది, మాకు డిసెంబర్‌లో గింజ సరిగా మొలవదు కూడా.

డాబాతోట_బెజవాడ:
చిక్కుడు బతికింది, థాంక్స్ అండీ! మరి టమాటా?

మదనపల్లె_రైతుబిడ్డ:
అక్కా, మాది ఎత్తు మీద ఉండే ఊరు కాబట్టి ఏడాది పొడుగునా టమాటా వేస్తారు, మమ్మల్ని చూసి మీరు వేయొద్దు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి దిగకపోతే పూత రాలిపోతుంది. ఇప్పుడు నారు పోస్తే ఫిబ్రవరి వరకు కాయలు తెంపుకోవచ్చు. మార్చిలో నాటితే చెట్టు ఉంటుంది, కాయ ఉండదు. ఎండాకాలానికి బీర, సొర జనవరి చివర్లోనే విత్తుకోండి.