డిప్రెషన్ జీన్ టెస్ట్ రిపోర్టులో ఏ లైను పనికొస్తుంది?

కోరమంగళ_కౌన్సెలర్
నమస్కారమండి. బెంగళూరులోని తెలుగు కుటుంబాలు కౌన్సెలింగ్‌కి వచ్చేటప్పుడు జీన్ ప్యానెల్ (ఒకేసారి చాలా జన్యువులు చూసే పరీక్ష) రిపోర్టులు పట్టుకొస్తున్నాయి. సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్, ఎంటీహెచ్ఎఫ్ఆర్, సీఓఎంటీ, సీవైపీ2సీ19, సీవైపీ2డీ6 అన్నీ ఒకే పట్టికలో ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో ఉంటున్నాయి. "వాళ్లమ్మకు డిప్రెషన్, అమ్మాయికి ఎరుపొచ్చింది, సంబంధాలప్పుడు చెప్పాలా?" అని అడుగుతున్నారు. వీటిలో దేన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని పక్కన పెట్టాలి?

జన్యుపాఠం
ముందు ఆ ఎరుపు సంగతి చూద్దామండి. సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ జన్యువు పొట్టి రూపంలో ఉన్నవాళ్లు కష్టాలొచ్చినప్పుడు డిప్రెషన్‌లోకి తేలిగ్గా జారుతారని 2003లో న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ అధ్యయనం చెప్పింది. చూసింది 847 మందిని. పెద్ద గుంపుల్లో ఆ ఫలితం నిలవలేదు. 2019లో ఇలా పేరుమోసిన 18 జన్యువులను లక్షలమంది డేటాతో పోల్చి చూస్తే, కళ్లు మూసుకుని ఏరిన జన్యువుల కన్నా ఇవి ఏ రకంగానూ మెరుగ్గా లేవు. సీఓఎంటీ, ఎంటీహెచ్ఎఫ్ఆర్ కూడా ఆ జాబితాలోవే. కాబట్టి ఆ మూడు లైన్లూ కొట్టేయండి.

మరి కొన్ని ఇళ్లలో ఒకరి తర్వాత ఒకరికి ఎందుకొస్తుంది? వంశపారంపర్యం నిజమే. కవలల అధ్యయనాల ప్రకారం డిప్రెషన్‌కు సుమారు 37 శాతం, స్కిజోఫ్రెనియాకు 80 శాతం దగ్గర. ఇక్కడే అందరూ పొరబడతారు. ఒకరి జబ్బులో 37 పాళ్లు అమ్మ నుంచి వచ్చాయని దానర్థం కాదు. జనంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో అంత భాగం జన్యువులతో ముడిపడి ఉందని. ఆ భాగం కూడా ఒక్క జన్యువులో లేదు. 2025 నాటి పెద్ద అధ్యయనంలో దాదాపు 700 తేడాలు బయటపడ్డాయి, ఒక్కొక్కదాని బలం అతి స్వల్పం. వాటన్నిటినీ కూడి వేసే స్కోరు కూడా ఎక్కువగా యూరప్ మూలాలవాళ్ల డేటాతో తయారైంది, మనవాళ్లకు ఇంకా తక్కువగా నప్పుతుంది.

తల్లికి డిప్రెషన్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా రెండు మూడు రెట్లు. ఇది రిపోర్టు లేకుండానే తెలిసే సంగతి, ఎరుపు రంగు దీనికి కొత్తగా కలిపేదేమీ లేదు. ఆ కాగితాన్ని పెళ్లిమాటల్లోకి తేవడం ఆ అమ్మాయికి అన్యాయం.

ఒక మినహాయింపు ఉంది. 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించిన 22క్యూ11 డిలీషన్ ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి సైకోసిస్ (లేనివి వినిపించడం, భ్రమలు) వస్తుంది. మానసిక లక్షణాలకు తోడుగా పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, రక్తంలో కాల్షియం తగ్గడం, చదువులో వెనకబాటు లాంటివి కనిపిస్తే, క్రోమోజోముల్లో లోపించిన ముక్కల్ని పట్టే మైక్రోఅరే పరీక్ష అడగాలి. బుగ్గలోంచి దూదితో తీసే స్వాబ్ ప్యానెల్ చాలదు.

మందులషాపు_మూర్తి
ఆ పట్టికలో పనికొచ్చేవి రెండు సీవైపీ లైన్లేనండి. అవి జబ్బు గురించి చెప్పవు, మాత్రను కాలేయం ఎంత వేగంగా ఖర్చు చేస్తుందో చెబుతాయి. సీవైపీ2సీ19లో పనిచేయని స్టార్ 2 రూపం మన ఉపఖండంలో బాగా ఎక్కువ. రెండు కాపీలూ పనిచేయనివాళ్లు పదిమందిలో ఒకరి దాకా ఉంటారు. వాళ్లకు ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర మామూలు మోతాదుకే ఒంట్లో పేరుకుని వికారం, చెమటలు, ఈసీజీలో క్యూటీ సాగడం (గుండె లయ తప్పే ప్రమాదం) వరకూ వెళ్లొచ్చు. జన్యువులను బట్టి మందుల మోతాదు సూచించే సీపిక్ సంస్థ 2023 మార్గదర్శకం ప్రకారం వేరే మందు చూడాలి, లేదా తక్కువతో మొదలుపెట్టి, మెల్లగా పెంచి, మామూలు మోతాదులో సగం దగ్గర ఉంచాలి. సిటలోప్రామ్ అయితే రోజుకు 20 మి.గ్రా. దాటకూడదు. వేగంగా పనిచేసే స్టార్ 17 రూపం రెండు కాపీలుంటే దీనికి తిరగబడి, మందు త్వరగా ఖర్చయిపోయి చాలకపోవచ్చు.

తప్పులు ఎక్కువగా రెండుచోట్ల జరుగుతాయి. ఎసిడిటీకి రోజూ ఒమెప్రజోల్ వేసుకునే మనిషికి జన్యువు మామూలుగా ఉన్నా, ఆ ఎంజైమ్ అణిగిపోయి మందు నెమ్మదిగానే ఖర్చవుతుంది. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్, బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులు సీవైపీ2డీ6ను అలాగే అణుస్తాయి. కాబట్టి రిపోర్టు పక్కన మందుల చీటీ పెట్టుకునే చదవాలి. రెండోది, సీవైపీ2డీ6 మొత్తం జన్యువే లేకపోవడం, లేదా రెండు మూడు కాపీలు ఎక్కువుండడం మామూలు చిప్‌కి కనిపించదు. రిపోర్టులో కాపీ నంబర్ (ఆ జన్యువు ఎన్ని కాపీలుందో) చూశారని రాసి లేకపోతే అందులోని "నార్మల్" మాటను నమ్మొద్దు.

పచ్చ రంగులో ఉన్న మందే పనిచేస్తుందని కూడా కాదు. 2022లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1,944 మందిపై చేసిన పరీక్షలో, రిపోర్టు చూసి మందిచ్చిన గుంపుకి మొదట్లో కాస్త మేలు కనిపించినా 24 వారాల దగ్గర చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు.

డాక్టరు కార్బమజెపిన్ (మూర్ఛకు, మూడ్ మార్పులకు ఇచ్చే మందు) రాయబోతున్నారంటే మాత్రం హెచ్‌ఎల్‌ఏ-బీ స్టార్ 15:02 అనే జన్యు రూపం ఉందేమో చూసే పరీక్ష మొదటి మాత్ర కన్నా ముందే అయిపోవాలి. అది పాజిటివ్ అయిన మనిషికి ఆ మందు వల్ల చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ జబ్బు రావచ్చు. ప్రాణం మీదికొచ్చే సంగతి కాబట్టి ఈ ఒక్క పరీక్షకు నేను గట్టిగా ఓటేస్తాను.

కోరమంగళ_కౌన్సెలర్
చాలా ఉపయోగపడిందండి, ధన్యవాదాలు. మేనరికం పెళ్లిళ్ల మాటేమిటి? ఆ భయం అందరూ వెలిబుచ్చుతారు.

జన్యుపాఠం
మామూలు డిప్రెషన్ వందల తేడాల కలగలుపు కాబట్టి మేనరికాన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది రిసెసివ్ జబ్బుల్ని, అంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న కాపీ అందితేనే వచ్చేవాటిని. తల్లిదండ్రులది మేనరికమై, చిన్న వయసులో ప్రవర్తన మారి, చేతి వణుకో మాట తడబాటో కామెర్లో తోడైతే ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ వ్యాధిని అనుమానించాలి. సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి, స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష చేయించండి. జింక్, పెనిసిలమిన్ లాంటి మందులతో అదుపులోకి వచ్చే జబ్బు అది.

ఇంకోటి మన తెలుగువాళ్లకే ముఖ్యం. వైశ్య కుటుంబాల్లో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ. ఈసీటీకి (మత్తిచ్చి మెదడుకు కరెంటు పెట్టే చికిత్స) ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఈ లోపం ఉంటే గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. అందుకని ఈసీటీ తేదీ ఖాయం చేసేటప్పుడే మత్తు డాక్టరుగారికి కుటుంబం సంగతి చెప్పి, రక్తంలో ఆ ఎంజైమ్ ఎంతుందో చూపించుకోవాలి. తక్కువ వస్తే ఈసీటీ మానక్కర్లేదు, సక్సినైల్‌కోలిన్ బదులు రోక్యురోనియం ఇచ్చి సుగమ్మడెక్స్‌తో దాని ప్రభావాన్ని దింపుతారు.