1862 టవర్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి ధర ఎలా తేల్చాలి?

ప్రశ్న: డాలస్‌లో ఎస్టేట్ సేల్‌లో కొన్నది. లాక్ ప్లేటు (పేల్చే యంత్రాన్ని పట్టుకునే పక్క రేకు) మీద కిరీటం, 1862, బ్రిటిష్ తుపాకుల మీద వేసే టవర్ అనే మాట ఉన్నాయి. బ్యారెల్‌ని చెక్కకి పట్టి ఉంచే బ్యాండ్లు మూడు, బ్యారెల్ 39 అంగుళాలు. కిరీటం కింద వీఆర్ (విక్టోరియా రాణి అక్షరాలు, బ్రిటిష్ ప్రభుత్వ తుపాకి గుర్తు) లేదు. బాగా నల్లబడింది. స్టీల్ ఊల్‌తో రుద్ది ధర కట్టించనా? ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

జవాబు 1: రుద్దకండి! ఆ నలుపు పోతే ధరలో పెద్ద వాటా పోతుంది. నూనె గుడ్డతో తుడిస్తే చాలు. అంతకన్నా ముందు నిపుల్ (సుత్తి కొట్టే చిన్న మొన) మీద క్యాప్ (నిప్పు పుట్టించే చిన్న టోపీ) లేదని చూసి, సన్నటి చెక్క కర్రని గొట్టంలో ఆగేదాకా దింపి, మూతి దగ్గర గీత పెట్టండి. మొహం, చెయ్యి మూతికి ఎదురుగా ఉండకూడదు. తర్వాత గీత మూతి దగ్గర ఉండేలా కర్రని బయట ఆనిస్తే చివర నిపుల్ దాకా రావాలి. రెండంగుళాలు ముందే ఆగితే లోపల పాత మందు ఉండొచ్చు, గన్‌స్మిత్‌కి వదిలేయండి.

జవాబు 2: వీఆర్ లేకపోవడం లోపం కాదండి. అమెరికా అంతర్యుద్ధంలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ప్రైవేటు వర్క్‌షాపులు ఉత్తరానికీ దక్షిణానికీ అమ్మిన సరుకు ఇలాగే ఉంటుంది. బ్యారెల్ వెనక భాగంలో ఎడమవైపు ప్రూఫ్ ముద్రల (బ్యారెల్ పరీక్షలో నెగ్గిందని వేసే గుర్తులు) దగ్గర 25 ఉంటే .577, 24 ఉంటే .58 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు). ట్రిగ్గర్ గార్డ్ వెనక చెక్క మీద జేఎస్, లంగరు ముద్ర ఉంటే దక్షిణాది సైన్యం కొన్నది. ధర ఎగిరేది అక్కడే, నకిలీలు ఎక్కువ ఉండేదీ అక్కడే. ముద్ర అడుగున చెక్క తేటగా, అంచులు పదునుగా ఉంటే నమ్మొద్దు. టార్చి వేసి గొట్టంలో మెలి తిరిగిన మూడు గాడులు ఉన్నాయేమో చూడండి. నున్నగా ఉంటే వేటకోసం తొలిపించేశారన్నమాట, ధర బాగా పడిపోతుంది. అడిగే ధరలు పట్టించుకోకండి. వేలంలో అమ్ముడైన ధరలే చూడండి, అందులో కొనుగోలుదారు కమీషన్ కలిసిందో లేదో కూడా. వెల కట్టేవాడికే అమ్మకండి.

జవాబు 3: అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 వరకు తయారైనవి యాంటిక్. రాష్ట్రాల నిబంధనలు వేరు. ఇండియాలో 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని పాత తుపాకులకే. మీది పేలే స్థితిలో ఉంటే లైసెన్సు లేకుండా కస్టమ్స్ దాటదు. ఇంకోటి, "1857 సిపాయిల రైఫిల్" అని ఎవరైనా ధర పెంచితే నవ్వుకోండి. 1862 నాటిది ఆ తిరుగుబాటులో ఎలా ఉంటుంది?

ప్రశ్న అడిగినవారు: కర్ర పూర్తిగా దిగింది. 25 రెండుసార్లు ఉంది, మూడు గాడులూ ఉన్నాయి. లంగరు లేదు. ర్యామ్‌రాడ్ (గొట్టంలోకి మందు, గుండు దట్టించే కడ్డీ) కొత్తదిలా ఉంది.

జవాబు 2: ర్యామ్‌రాడ్ మారినవే ఎక్కువ. కొంత తగ్గుతుంది, అమ్మేటప్పుడు దాచకండి.